రెండో చీర

నిన్న పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఒక నేతమనిషి చీరల మూట తీసుకొని ఆదోనిలో మా ఇంటికి వచ్చాడు. మా అత్తగారి వీధివాడే. మూట విప్పుతూ ఊరి సంగతులు చెబుతున్నాడు. ఎవరింట్లో పెళ్లయింది, ఎవరి మగ్గం అమ్ముడుపోయింది, ఏ అన్నదమ్ములు మాటలు మానుకున్నారు. ఆ వరసలోనే, "మీ ఇంట్లో కండెలు సుడతాండె సూడమ్మా, ఆయమ్మ పోయింది" అన్నాడు.

నా చేతిలో విప్పిన చీర ఉంది. దాన్ని మళ్లీ మడతల ప్రకారం మడిచాను. అది మా పుట్టింటి విద్య. మనసు ఎక్కడున్నా చేతులు ఆ పనిలో తప్పు చేయవు. మడిచి పక్కన పెట్టి, "నిజంగానా?" అన్నాను. అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను. ఆమె చచ్చిపోయిందంటే కూడా నమ్మనట్టే అడిగాను గదా అని.

అతను ఇంకో సంగతి కూడా చెప్పాడు. అది తర్వాత చెబుతాను.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ పేరును కర్నూలు కోర్టులో పిలవగూడని గొంతులు చాలాసార్లు పిలిచాయి. అది చాలు.

నేను కాపురానికి ఎమ్మిగనూరు పోయేసరికే ఆమె మా అత్తగారింటి పంచలో రాట్నం ముందు ఉండేది. మా మామగారిది నూలు వ్యాపారం, ఇంట్లోనే మగ్గాలు. నేసేవాళ్లకు నూలు కండెలు చుట్టి ఇవ్వడం ఆమె పని. వీపు గోడకు ఆనించి, ఒక కాలు చాపి, ఇంకో కాలు మడిచి కూర్చునేది. ఎండ ఆ మూలకు వచ్చినా జరిగేది కాదు. వీపు వెనక గోడ ఉండాల్సిందే. కుడిచేత్తో రాట్నం తిప్పుతుంటే ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి నూలు జారిపోతూ ఉండేది. దారం తెగితే ముడి వేసేది కాదు. రెండు కొసలూ పెదాల మీద తడిపి, బొటనవేలితో ఒకసారి నలిపేది. అతుకు ఎక్కడుందో మళ్లీ ఆమెకే తెలిసేది కాదు. ముడి ఉంటే నేసేవాడి చేతికి తగిలి తిడతాడని ఆమె భయం. ఆమెను తిట్టినవాణ్ణి నేను ఎప్పుడూ చూడలేదు.

వీధిలో అందరూ ఆమెను ఒక మాటతో ఆటపట్టించేవాళ్లు. ఏది అడిగినా ఆమె ముందు ఆ మాట అనిగానీ జవాబు చెప్పేది కాదు.

"అక్కా, అన్నం తిన్నావా?" అని అడుగుతాను.

"తిన్యానంటే నమ్ముతావా?"

"వానొస్తాదంటావా ఈ పొద్దు?" అని మా అత్తగారు అడుగుతుంది.

"వస్తాదంటే నమ్ముతావా అమ్మా?"

"నేను నమ్మకపోతే వచ్చే వాన రాకుండా పోతాదా ఏమి, సెప్పవే" అని అత్తగారు కసురుతుంది. మగ్గం గుంటల్లో కూర్చున్నవాళ్లు నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. ఆ నవ్వు కోసమే కొందరు, చేతిలో ఎర్రనూలు పట్టుకొని, "ఇది ఎర్రదా పచ్చదా సెప్పు" అని అడిగేవాళ్లు. ఎర్రదంటే నమ్ముతావా అని ఆమె అనేది. ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను, ఎందుకు అబద్ధం.

ఇంకో అలవాటు ఉండేది. ఏ పని చేసినా పక్కన ఎవరో ఒకరు చూడాలి. కండెల బుట్ట లోపల పెట్టడానికి పోతే నన్ను కేకేసి గడప దగ్గర నిలబెట్టేది. "పెట్టినా, సూస్తివి గదా" అనేది. కుండలో నీళ్లు ముంచుకుంటే, "ఒక సెంబే ముంచినా, సూస్తివి గదా" అనేది. దొంగతనం అంటగట్టే ఇల్లు కాదు మాది. అయినా ఆమెకు సాక్షి కావాలి. కొత్త కోడలిని గనక ఇంట్లో నాకు పెద్ద పనేమీ లేక, చెంబెడు నీళ్లకు సాక్ష్యం చెప్పే ఉద్యోగం నాకు వచ్చింది.

ఆ ఏడు ఉగాదికి పనివాళ్లకు బట్టలు పెట్టే బాధ్యత మా అత్తగారు నాకు అప్పజెప్పింది. ఒక్కొక్కరిని పిలిచి చేతికిస్తున్నాను. ఆమె వంతు వచ్చింది. చీర చాపాను. ఆమె రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకుంది.

"ఆడ పెట్టు సిన్నమ్మా, నేను తీసుకుంటా."

సిగ్గుపడుతోందేమో అనుకున్నాను. "పండగపూట చేతికి తీసుకోక్కా" అంటూ నవ్వుతూ ముందుకు వెళ్లాను. ఆమె వెనక్కి నడిచింది. నేను ఇంకా ముందుకు వెళ్లాను. గోడ తగిలి ఆగిపోయింది. అప్పుడు ఆమె ముఖం చూశాను. నా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. లోపలినుంచి మా అత్తగారు, "కింద పెట్టి రాయే" అని గట్టిగా పిలిచింది. అరుగు మీద పెట్టి లోపలికి పోయాను. తర్వాత అడిగితే, "దానికి సీర అచ్చిరాలేదు, వదిలెయ్" అని మాత్రం చెప్పింది.

ఆ సంగతి వానాకాలంలో గానీ నాకు తెలియలేదు. ముసురు పట్టి మగ్గం గుంటల్లో చెమ్మ ఊరింది. నేసేవాళ్లు ఇళ్లకు పోయారు. పంచలో ఆమె, నేను. రాట్నం మాత్రం తిరుగుతూనే ఉంది. ఉగాది రోజు చీర ఎందుకు తీసుకోలేదని అడిగాను.

"సెప్తే నమ్ముతావా?"

"నమ్ముతానక్కా."

ఆమె రాట్నం ఆపి నన్ను చూసింది. "యినకముందే యాడ నమ్ముతావు సిన్నమ్మా? యిని నమ్ము."

ఆమెది ఆదోని పక్క పల్లె. చిన్న వయసులోనే మొదటి మొగుడు జ్వరమొచ్చి పోయాడు. పత్తి బండ్లు తోలే ఒకాయన ఆమెను ఇష్టపడ్డాడు. వాళ్ల కులంలో మొగుడు పోయిన ఆడమనిషికి మళ్లీ తాళి కట్టరు. కులపెద్దలందరి ముందర, చేసుకునేవాడు కొత్త చీర చేతికిస్తాడు. ఆమె అది కట్టుకొని వస్తే పెళ్లయినట్టు. ఉడికె అంటారు. అందులో దొంగతనం లేదు, దాపరికం లేదు. పెద్దలు తాంబూలం తీసుకుంటారు, ఊరంతా అన్నం తింటుంది.

"ఎర్ర అంచు సీర సిన్నమ్మా. ఈ ఎమ్మిగనూరుదే. ఆయన సంతలో తిరిగి తిరిగి తెచ్చినాడంట. గట్టి నేత. పండగలకు గూడా కట్టకుండా దాసిపెట్టుకొంటిని."

తర్వాత ఇద్దరూ ఆదోని వచ్చి, ఆమె ఒక పత్తి మిల్లులో కూలికి కుదిరింది. ఆ మిల్లు మేస్త్రీ సంగతి ఆమె చెప్పినంతే చెబుతాను. ఆ రోజు వాళ్ల పెళ్లి జరిగిన తిథి. ఆ చీర కట్టుకొని పనికి పోయింది. సాయంత్రం అందరూ పోయే వేళ మేస్త్రీ ఆమెను గోడౌను ఊడ్చమని పంపించి, వెనకే వచ్చి తలుపు మూశాడు. పక్కన మిషన్లు ఇంకా ఆగలేదు. ఆమె కేక ఎవరికీ వినిపించలేదు. అంతే చెప్పింది.

ఆమె మొగుడు అదే చీరతో ఆమెను పోలీసు స్టేషనుకు తీసుకుపోయాడు. వాళ్లు చీర అక్కడే ఉంచుకున్నారు. పక్కింటావిడ చీర చుట్టుకొని ఇంటికి వచ్చింది.

కేసు కర్నూలులో నడిచింది. ఆ రోజుల్లో కొన్ని కేసులకు జడ్జితో పాటు ఊళ్లలో పేరున్న పెద్దమనుషుల్ని అయిదుగురిని జ్యూరీ అని కూర్చోబెట్టేవాళ్లు. తప్పు చేశాడా లేదా అని వాళ్లే చెప్పాలి. చిరిగిన చీరకు చీటీ కట్టి బల్ల మీద పెట్టారు. తర్వాత దాన్ని ఆ అయిదుగురి చేతికీ ఇచ్చారు.

"నలుగురు పామును పట్టుకున్నట్టు పట్టుకోని పక్కకిచ్చేసిరి. సివర కూసోన్న ఆయప్ప మాత్రం ఇయ్యలా. లేసి కిటికీకాడికి పోయి, సినిగిన తావు ఎల్తురుకు పట్టి, బొటనేలి గోరు ఆ సివర్నుంచి ఈ సివరకు తోలినాడు. ఆ సూపు సూసి నాకు ధైర్నమొచ్చె సిన్నమ్మా. ఈయప్పకు తెలిసిపాయె అనుకుంటి."

ఆ గోరు తోలే పద్ధతి నాకు తెలిసిందే. ఆమె చెబుతూనే ఉంది.

తర్వాత మేస్త్రీ తరపు లాయరు లేచాడు. ఆ చీర చూపించి, ఇది నీదేనా అని అడిగాడు. నాదే అంది. ఎవరిచ్చారు అని అడిగాడు.

"మా ఇంటాయన పెట్టినాడు."

"నీకు తాళి కట్టిన మొగుడా?"

"కాదు సామీ. ఆయప్ప సచ్చిపోయినాడు. ఈయన సీర పెట్టినాడు."

"అంటే ఒకరు తాళి కట్టె, ఇంకొకరు సీర ఇచ్చె. ఈ మేస్త్రీ గూడా ఏదన్నా ఇస్తానన్యాడా?"

కోర్టులో ఎవరో నవ్వారట. జడ్జి కోపంతో బల్ల మీద కొట్టాడు. అది ఆమె కులాచారమని, ఈ కేసుతో దానికి సంబంధం లేదని, ఆ ప్రశ్నా జవాబూ కాగితంలోంచి తీసేస్తున్నానని చెప్పాడు. జ్యూరీవైపు తిరిగి, మీరూ మీ మనసుల్లోంచి ఆ మాట తీసేయండి, దాన్ని బట్టి తీర్పు చెప్పగూడదు అని తెలుగులోనే చెప్పాడట. జడ్జి మంచివాడు. ఆ మాట ఆమే చెప్పింది.

"తీసేయ్మంటే యాడికి తీసేస్తారు? మిల్లులో మిషన్లో పత్తి ఏస్తే గింజ కింద పడతాది, దూది పైకొస్తాది. మనిషి తలకాయలో అట్లాంటి మిషను యాడుండాది సిన్నమ్మా?"

జ్యూరీ లోపలి గదిలోకి పోయి వచ్చింది. ఒక పెద్దాయన లేచి అందరి మాటా తానే చెప్పాడు. మేస్త్రీ నిర్దోషి. మేస్త్రీకి అక్కడే దండ వేశారు. చీర మాత్రం ఆమెకు తిరిగి ఇవ్వలేదు. అది అడగాలని ఆమెకు ఎవరూ చెప్పనూ లేదు.

"మీ ఆయన?" అన్నాను.

"ఆయన నన్ను నమ్మినాడు. ఆ మాట నమ్ము. అయితే తను ఇష్టపడి పెట్టిన సీర అంతమంది ముందర అట్లా మాట పడినాంక తల ఎత్తుకోలేకపాయె. తుంగభద్ర కట్ట పనికి పోయొస్తానని పోయినాడు. రాలేదు."

రాట్నం మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది. చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. కాసేపటికి, నాతో కాదు, నూలుతో చెబుతున్నట్టు అంది. "ఆ సివరాయప్ప ఒక్కడూ వాణ్ణి ఇడిసేది ఒద్దనింటాడు. తీర్పు సెప్పేటప్పుడు తల ఒంచుకోనుండె. మిగిలినోళ్లు ఆయప్ప మాట ఇనుకోలేదు. అంతమందిలో ఒక్కడన్నా నమ్మినాడు గదా అనుకోనే ఇన్నాళ్లూ ఉండా."

ఆ చివరాయన మా నాన్న.

మా నాన్నకు ఆదోనిలో బట్టల అంగడి. ఎవరైనా చిరిగిన చీర తెచ్చి నేత బాగాలేదని తగాదా పెట్టుకుంటే, దాన్ని వెలుతురుకు పట్టి, చిరుగు పొడవునా బొటనవేలి గోరు తోలేవాడు. ముల్లుకు తగులుకుంటే చిరుగు మూల తిరుగుతుంది. బలంగా లాగితే దారం వెంట నిలువునా పోతుంది. బట్ట చివికితే అంచులు నూగు లేస్తాయి. మా నాన్న ఒకసారి చెప్పాక తగాదాకు వచ్చినవాళ్లు కూడా నోరు మూసుకొని పోయేవాళ్లు. నాకు కూడా అది నేర్పించాడు. చీర చిరుగు విషయంలో ఆదోని బజారులో ఆయన మాటకు తిరుగు లేదు.

కర్నూలు నుంచి ఆయన వచ్చిన సాయంత్రం నాకు బాగా జ్ఞాపకం. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. భోజనానికి కూర్చున్నాడు. అమ్మ వడ్డిస్తూ ఏమైందని అడిగింది.

"వదిలేసినాం. సాక్ష్యం సరిగా లేదు."

"చీర చిరిగిందంట గదా?"

"ముల్లుకంచెకు తగులుకున్నట్టుండాది."

తర్వాత, "ఇంకో మాట కూడా వచ్చింది. అది తీసేయమని జడ్జిగారు చెప్పినారు, తీసేసినాం. దాంతో మాకు పని లేదు" అన్నాడు. ఏమి మాట అని అమ్మ అడిగింది. తీసేసిన ఆ మాటను మా నాన్న ఒక్క అక్షరం పోకుండా అమ్మకు చెప్పాడు. లాయరు ఎట్లా అడిగిందీ, ఆమె ఎట్లా చెప్పిందీ, వెనక ఎవరు నవ్విందీ.

వంటింటి గడపలో మా మేనత్త కూర్చుని ఉంది. పదేళ్లకే భర్త పోయి మా ఇంట్లోనే బతుకు వెళ్లదీస్తున్న మనిషి. ఆమె గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. ఆ రోజు కూడా మెల్లగానే అంది.

"నాకెవరన్నా రెండో చీర ఇస్తామని వచ్చింటే, నేనూ కట్టుకునేదాన్నేమో అన్నా."

మా నాన్న చేతిలో ముద్ద అట్లాగే ఉండిపోయింది. అమ్మ మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది.

ఇదంతా ఆ ముసురు రోజున పంచలో నాకు ఒక్కసారి కళ్లముందు కదిలింది. దాచుకునే శక్తి నాకు లేదు. "అక్కా, ఆ చివరాయన మా నాన్న" అని చెప్పేశాను.

ఆమె దారం తెగింది. కొసలు వెతుక్కోలేదు. "ఆయప్ప నమ్మినాడా?" అంది. జన్మలో నన్ను ఎవరూ అంత కష్టమైన మాట అడగలేదు. ఒక్కడు నమ్మాడన్న మాట ఆమెకు ఉన్న ఆస్తి. అది లాక్కోవడానికి నాకు నోరు రాలేదు. అవునని చెప్పడానికీ రాలేదు. "నాన్న దసరాకు అంగడి చీరలు కొనడానికి ఇక్కడికే వస్తాడు. నువ్వే అడుగక్కా" అన్నాను. ఆమె తల ఊపింది.

మా నాన్న దసరా ముందు వచ్చాడు. నడిమింట్లో చాప మీద కూర్చొని కొత్త చీరలు చూస్తున్నాడు. ఆమె పంచలోంచి లేచి వచ్చి, గడపకు అవతల నిలబడింది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది. నేను ఆమె పక్కకు పోయి నిలబడ్డాను. ఈసారి సాక్షిగా నన్ను ఆమె పిలవలేదు, నేనే పోయాను.

"అప్పా, నన్ను గుర్తుపడితివా?"

మా నాన్న తలెత్తాడు. ముందు మామూలుగానే చూశాడు. తర్వాత ఆయన చేతిలోని చీర మీద బొటనవేలు ఆగిపోయింది.

"కోర్టులో నా సీర కిటికీకాడికి తిప్పి సూస్తివి. ఏం కనపడె అప్పా?"

ఆయన అబద్ధం చెప్పి ఉండొచ్చు. గుర్తులేదని అని ఉండొచ్చు. ఇన్నేళ్లకూ ఆయన మీద నాకు కొంత గౌరవం మిగిలింది ఆ తర్వాత చెప్పిన మాటల వల్లనే.

"లాగితే చిరిగిన చీర అని కనపడిందమ్మా."

"ముల్లుకు సినగలేదా?"

"లేదు. నిలువునా పోయింది. గట్టి నేత. ఎవరో బలమంతా పెట్టి లాగితేగానీ అట్లా చినగదు."

"మరి?"

మా నాన్న చీరను ఒళ్లో పెట్టుకున్నాడు. "ఆ లాయరు లేచి మాట్లాడినాంక మమ్మల్ని గదిలోకి పంపించినారు. నీ చీర మళ్లీ మా ముందర పెట్టినారు. మళ్లీ చూసినా. ముల్లుకు తగులుకున్నట్టే కనపడిందమ్మా."

"అదే సీర గదప్పా."

"అదే చీర."

"ఆ మాట తీసేయ్మన్యాడు గదా జడ్జిదొర."

"తీసేసినాననే అనుకుంటి. అయిదుగురం ఆ గదిలో ఆ మాట ఒక్కసారి గూడా ఎత్తలేదు. సాక్ష్యం గురించే మాట్లాడినాం. నేను వదిలేద్దామని చెప్పినా. ముల్లు చిరుగని నేను చెప్పినాంకనే మిగతావాళ్లు సరేనన్యారు. వాళ్లకు బట్ట సంగతి తెలవదు గదా."

నాకు ఏడుపు వచ్చింది. ఆమెకు రాలేదు. ఒక్కడు ఒద్దనింటాడని ఆమె ఇన్నేళ్లు దాచుకున్న మనిషే, ఆ అయిదుగురిలో మొదట వదిలేద్దామన్నవాడని ఆమెకు తెలియాల్సి వచ్చింది. ఆమెను నేనే అక్కడ నిలబెట్టాను. ఆమె మాత్రం ఏదో లెక్క తేల్చుకుంటున్నట్టు నిలబడింది.

"అంటే ముందు నమ్మినావు."

"నమ్మినా తల్లీ."

"లాయరు లేసేదాకా."

"అంతదాకా నమ్మినా."

"సాలప్పా" అంది.

ఆ మాటతో మా నాన్న తల దించుకున్నాడు. చేతికి దొరికిన చీర తీసుకొని లేచాడు. అది ఎర్ర అంచుదే. ఏరి తీశాడో, ఒళ్లో ఉన్నదే తీశాడో నాకు తెలియదు. గడప దగ్గరకు వచ్చి ఆమె ముందుకు చాపాడు. ఆమె చేతులు వీపు వెనక్కి పోయాయి.

"కింద పెట్టు నాన్నా" అన్నాను.

మా నాన్న అంగట్లో చీర నేలకు తగిలితే పనివాళ్లను కేకలేసేవాడు. చీర లక్ష్మి అనేవాడు. ఆ రోజు భుజం మీద కండువా తీసి గడప అవతల పరిచాడు. వంగి, దాని మీద చీర పెట్టాడు. నడుము పట్టుకొని మెల్లగా లేచి, మూట కూడా కట్టుకోకుండా, మా మామగారితో చెప్పకుండా బస్సుకు వెళ్లిపోయాడు. ఆమె ఆ చీర వైపు చూడలేదు. పోయి రాట్నం ముందు కూర్చుంది. సాయంత్రం నేను పంచలోకి వస్తే కండువా మడిచి అరుగు మీద ఉంది. చీర లేదు. తీసుకుందో, ఎవరికైనా ఇచ్చేసిందో నేను అడగలేదు.

ఆ తర్వాత మా నాన్న అంగట్లో ఎవరు చిరిగిన చీర తెచ్చినా చిరుగు చూడకుండానే మార్చి ఇచ్చేసేవాడట. వయసు మీద పడి కళ్లు ఆనడం లేదని బజారులో అనుకున్నారు. ఆయన కూడా అదే చెప్పేవాడు. మా నాన్న మంచివాడు. ఆ మాట రాయబోతే నా చెయ్యి ఇప్పటికీ కాసేపు ఆగుతుంది. చెడ్డవాడై ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. చెడ్డవాణ్ణి తిట్టుకొని ఊరుకోవచ్చు. ఆయన ఆ గదిలో న్యాయంగానే ఉన్నాననుకున్నాడు. జడ్జి చెప్పినట్టే చేశాననుకున్నాడు. ఆయన గోటికి తెలిసిన నిజాన్ని ఆయన చెవి మార్చేసింది, అది ఆయనకు తెలియనే లేదు.

ఆమె అలవాటు మారుతుందేమో అని నేను కొన్నాళ్లు చూశాను. మారలేదు. వాన వస్తాదంటే నమ్ముతావా. తిన్యానంటే నమ్ముతావా. మగ్గాలవాళ్లు నవ్వుతూనే ఉన్నారు. నేను మాత్రం ఆ మాటకు తర్వాత ఎప్పుడూ నవ్వలేకపోయాను. ఆమె ఏమన్నా, "నమ్ముతానక్కా" అనేదాన్ని. "నీకేమి, నువ్వు దేన్నయినా నమ్ముతావు" అని నన్ను ఎగతాళి చేసేది. కొన్నాళ్లకు మేము ఆదోనికి కాపురం మార్చాం. బయలుదేరే రోజు ఆమె బండి దాకా వచ్చింది. నా పెట్టె తానే బండి మీద పెట్టి, "పెట్టినా, సూస్తివి గదా" అంది. చూశానక్కా అన్నాను. అదే ఆఖరుసారి.

నిన్న ఆ నేతమనిషి నీళ్లు తాగి చెంబు కింద పెట్టి, మిగిలిన సంగతి చెప్పాడు.

"పోయినాంక కప్పేకి కొత్త బట్ట కావల్ల గదమ్మా. పుట్టినింటోళ్లు ఎవురూ లేరు. ఏమన్నా ఉండాదేమో అని ఆయమ్మ ట్రంకు తీస్తే అడుగున సీర ఉండాది. ఎర్ర అంచుది. మడత గూడా ఇప్పలేదు. ఎన్నాళ్లనుంచి ఉండాదో, వేపాకు ఏసి దాసింది. అదే కప్పినాం."

"మంచి పని చేశారు" అన్నాను.

అతను మూటలోంచి ఇంకో చీర తీస్తూ నవ్వాడు. "వీధోళ్లందరిదీ ఒకటే మాటమ్మా. ఈ ముసిల్దానికి ఇంత మంచి సీర ఎవురు పెట్టిండారో అని. మొగోడెవుడో ఉన్నట్టుండాదే అనిరి కొందరు. శవం ముందర గూడా నవ్వొచ్చె మాకు. ఇన్నాళ్లు మీ ఇంట్లో ఉండె గదా, మీకేమన్నా తెలుసునా, ఎవురు పెట్టినారో?"

నేను అతని ముఖంలోకి చూశాను. మంచివాడే. పాడె కూడా మోశాడట.

"చెబితే నమ్ముతావా?" అన్నాను.

అతను చేతిలో చీర వదిలేసి పడీపడీ నవ్వాడు. "అచ్చం ఆయమ్మ అన్నట్టే అంటివి గదమ్మా" అన్నాడు.